రూతమ్మ మేడం చప్పట్ల పాఠం

మా వీధిలో బతుకమ్మ ఆట మొదలై అది రెండో సాయంత్రం. కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాను. కింద ఖాళీ జాగాలోంచి తంగేడు పూల పచ్చివాసన పైకి వస్తోంది. మొదట నలుగురైదుగురి చప్పట్లు, ఎవరివి వాళ్లవే, పొంతన లేకుండా వినబడ్డాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కలిసేకొద్దీ అవి సర్దుకున్నాయి. కాసేపటికి నలభై జతల చేతులు ఒక్కసారే కలిసి ఒక్కసారే విడిపోతున్నాయి. బతుకమ్మ చప్పట్లు వింటే ఆడపిల్లలకు పుట్టినిల్లు గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం ఎక్కడో అంతులేని దూరంలో ఒకదాన్నొకటి ఢీకొంటున్న గెలాక్సీలు గుర్తొస్తాయి. ఈ వింత జబ్బు నాకు అంటించింది రూతమ్మ మేడం.

నేనిప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. నాకు ఫిజిక్స్ చెప్పింది ఆమె. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలోని ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆమె గెస్ట్ లెక్చరర్. అంటే ఏటా జూన్‌లో జాబితాలో పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చిట్యాలలో రెండు గదుల కిరాయి ఇంట్లో తల్లితో ఉండేది. రోజూ బస్సులో వచ్చిపోయేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వాళ్లమ్మ జీవితమంతా ఇతరుల పొలాల్లో నాట్లేసింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ మోకాళ్లు బిగుసుకుపోయి, ఒకరు చెయ్యి పట్టి లేపితే తప్ప లేవలేకపోయేది. మేడం హైదరాబాద్‌లో పరిశోధన మొదలుపెట్టింది. వాళ్లమ్మ మంచాన పడ్డాక దాన్ని సగంలో వదిలేసి వచ్చింది. ఆ సగం పరిశోధన మేజర్ల మీద, అంటే లేజర్ కాంతిని పెంచినట్టు రేడియో తరంగాలను పెంచే అణువుల మీద. వదిలేసింది పట్టానే గానీ ఆ విషయాన్ని కాదని మాకు మొదటి నెలలోనే అర్థమైంది.

ఆమె క్రైస్తవురాలు. కాలేజీలో బతుకమ్మ ఆడేటప్పుడు వలయంలోకి వచ్చేది కాదు. ఒక పక్కన నిలబడి మమ్మల్నే చూస్తూ ఉండేది. ఆమెకు ఇష్టం లేదేమో అనుకునేవాళ్లం. పండుగ సెలవులయ్యాక క్లాసుకు వచ్చి, "మీరు ఆడుతుంటే నేను ఊకెనే నిలవడ్డ అనుకున్నరా? మీ చప్పట్లు లెక్కవెడ్తున్న. లేవుండ్రి అందరు, ఇయ్యాల బెంచీల మీదనే ఆట" అంది. ఆట నియమం ఆమె చెప్పింది చెప్పినట్టు నాకిప్పటికీ గుర్తుంది. ముందు బెంచీ నుంచి ఒక చప్పట బయలుదేరుతుంది. అది కూర్చున్న పిల్ల దగ్గరికి వస్తే, ఆ పిల్ల దాన్ని మింగేసి లేచి నిలబడాలి. నిలబడ్డ పిల్ల దగ్గరికి వస్తే, వచ్చిన చప్పటను ముందుకు పోనిచ్చి, అదే తాళంలో తనూ ఒకటి కలిపి కూర్చోవాలి. అంతే.

మొదటిసారి ముగ్గురిని తప్ప అందరినీ కూర్చోబెట్టింది. చప్పట రెండో బెంచీ దాటకుండానే చచ్చిపోయింది. రెండోసారి అయిదారుగురిని తప్ప అందరినీ నిలబెట్టింది. ముందు బెంచీలో బక్కపల్చటి పిల్ల ఒకతి కొట్టిన ఒక్క చప్పట వెనక గోడ చేరేసరికి పిడుగు పడ్డట్టు మోగింది. పక్క క్లాసులో కామర్స్ చెబుతున్న సార్ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. మేడం నవ్వుతూ, "ఏం లేదు సార్, అణువులు" అని ఆయన్ని పంపించి మా వైపు తిరిగింది. "సూసిండ్రా? కూసున్నోల్లు ఎక్కువుంటే వచ్చింది మింగుతరు. నిలవడ్డోల్లు ఎక్కువుంటే వచ్చిందానికి కలుపుతరు. అదే మేజర్. గానీ ఒకటి చెప్పుండ్రి. అణువులు ఊకె నిలవడయ్. వాటిని ఎవరన్న లేపాలె. గా ఆకాశంల లేపెటోల్లెవరు?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఆమె చెప్పిన కథే నా మిగతా జీవితాన్ని ఇటు తిప్పేసింది. రెండు పెద్ద గెలాక్సీలు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఢీకొంటాయి. నక్షత్రాలు నక్షత్రాలకు తగలవు, వాటి మధ్య అంత ఖాళీ. తగిలేది వాయువూ ధూళీ. ఆ మబ్బులన్నీ నడుమకు జారి, కిక్కిరిసి, నలిగిపోతాయి. ఆ నలుగుడులో కొత్త నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుడతాయి. వాటి వెలుగుకు చుట్టూ ఉన్న ధూళి వేడెక్కి, కంటికి కనబడని పరారుణ కాంతిని విరజిమ్ముతుంది. ఆ కాంతి తగిలి హైడ్రాక్సిల్ అణువులు, అంటే ఒక ఆక్సిజన్‌కు ఒక హైడ్రోజన్ అతుక్కుని ఉన్నవి, కోటానుకోట్లు పై మెట్టు ఎక్కి నిలబడతాయి. నిలబడ్డవి కూర్చున్నవాటి కంటే ఎక్కువైపోతాయి. అప్పుడు గెలాక్సీ నడుమ నుంచి వచ్చే బలహీనమైన రేడియో తరంగం ఆ మబ్బుల గుండా పోతూ పోతూ, అడుగడుగునా తనలాంటి తరంగాన్నే కలుపుకుంటూ పెరుగుతుంది. మన పాలపుంతలోని మేజర్లకు లక్షల రెట్లు బలమై బయటపడుతుంది. "ఇండ్ల మధ్య కొట్లాటైతే పొయ్యిలు ఆరిపోతయ్" అంది మేడం. "గీ కొట్లాటల పొయ్యిలు అంటుకుంటయ్ బిడ్డా." ఆ మాటతో గంట కొట్టారు. ఎవరమూ కదలలేదు.

మూడో ఏడాదిలో ప్రాజెక్టు చెయ్యాలి. మిగతావాళ్లు సోలార్ కుక్కర్లూ నీటి పరీక్షలూ ఎంచుకుంటే, నేను మేడం దగ్గర చేరాను. విదేశంలోని ఒక పెద్ద రేడియో టెలిస్కోపు ఆకాశాన్ని గాలించి, దొరికిన సంకేతాల జాబితాను ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ జాబితాలోవన్నీ దగ్గరి గెలాక్సీల హైడ్రోజన్ పంపిన సంకేతాలని రాసి ఉంది. కానీ ఈ పనిలో ఒక పాత తిరకాసు ఉంది. చాలా దూరాన ఉన్న హైడ్రాక్సిల్ మేజర్ తరంగం, విశ్వంతో పాటు సాగీ సాగీ, మన దగ్గరికి వచ్చేసరికి దగ్గరి హైడ్రోజన్ తరంగంలాగే కనబడవచ్చు. అంటే ఆ జాబితాలో హైడ్రోజన్ పేరు పెట్టుకుని ఎక్కడో ఒక మేజర్ దాక్కుని ఉండొచ్చు. దాన్ని పట్టుకోవడమే మా పని. మేడం పాత లాప్‌టాప్ మీద మూడు నెలలు కళ్లు కాయలు కాచేలా వెతికాం.

దొరికింది. ఆకాశం ఫోటోలో ఆ చోట రెండు చిన్న గెలాక్సీలు తోకలు పెనవేసుకుని ఉన్నాయి. సంకేతం పటంలో ఒక ఎత్తైన గుట్ట, దాని పక్కన చిన్న గుట్ట. రెండు గుట్టల నడుమ ఉన్న ఊళ్లో బతికేవాళ్లం కనుక వాటిని పెద్దగుట్ట, చిన్నగుట్ట అనే పిలుచుకున్నాం. హైడ్రాక్సిల్ గుర్తు అదే. పెద్దగుట్టకు ఎడమ పక్కన, కొంచెం తక్కువ పౌనఃపున్యం దగ్గర, చిన్నగుట్ట ఉండాలి. మా పటంలో సరిగ్గా ఎడమ పక్కనే ఉంది. నేను గంతులేశాను. మేడం మాత్రం ఒక్క మాటే అంది: "ఇంకోసారి సూద్దం." చూశాం. ఎన్నిసార్లు చూసినా చిన్నగుట్ట ఎడమ పక్కనే ఉంది. పటాన్ని నేనే గీశాను, దాని అడుగు గీత కింద పౌనఃపున్యం అని పేరు నేనే టైపు చేశాను. మేడం చదివి, పర్యవేక్షకురాలి గడిలో సంతకం పెట్టింది.

హైదరాబాద్‌లో కాలేజీ ప్రాజెక్టుల పోటీ జరగబోతోంది. అందులో నెగ్గినవాళ్లకు వేరే రాష్ట్రంలోని ఒక పరిశోధన సంస్థలో రెండు నెలల శిక్షణ ఇస్తారు. నాకు ఆ సీటు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా నాయిన హైవే పక్కన ఒక మందుల కంపెనీలో నా కోసం మాట్లాడి పెట్టాడు. "డిగ్రీ అయినంక ఊకె కూసుంటవా? సీసాలు కడిగే పని కాదు, టెస్టింగ్ రూముల పని. మంచిగ సూస్తరు" అని సంబరపడుతున్నాడు. ఆయన తప్పేమీ లేదు, చెల్లెళ్లిద్దరు చదువుతున్నారు. శిక్షణ సీటు వస్తే ఎమ్మెస్సీ దాకా పోనిస్తానన్నాడు, రాకపోతే జూన్‌లో కంపెనీ. ఈలోగా ప్రిన్సిపాల్ మా ఇద్దరి ఫోటోలతో కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద 'విశ్వరహస్యం ఛేదించిన నల్లగొండ బిడ్డ' అని రాయించాడు. ఇంకా పోటీకే పోలేదు, అప్పుడే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

పోటీ రోజు పొద్దున నేను నల్లగొండలో బస్సెక్కాను. మేడం చిట్యాలలో ఎక్కాలి. ఊరికే కూర్చోలేక, పటానికి ఆధారమైన అంకెల కాగితాలు తీసి తిరగేస్తున్నాను. నార్కట్‌పల్లి దాటాక మొదటి కాగితం పైవరుస మీద కన్నుపడింది. అక్కడ పౌనఃపున్యం అని లేదు. సెకనుకు కిలోమీటర్లు అని ఉంది, అంటే వేగం. మన నుంచి దూరంగా పోయే వేగం పెరిగేకొద్దీ పౌనఃపున్యం తగ్గుతుంది. ఒకటి ఎడమ నుంచి కుడికి పెరిగితే, రెండోది కుడి నుంచి ఎడమకు పెరుగుతుంది. కాబట్టి వేగంతో గీసిన పటంలో చిన్నగుట్ట కుడి పక్కన ఉండాలి. మాది ఎడమ పక్కన ఉంది. అంటే అది హైడ్రాక్సిల్ కాదు, మేజర్ కాదు, ఏమీ కాదు. అడుగున పేరు చదవకుండా రాసిపారేసిన నా చేతివేళ్లను చూసుకుంటూ కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన వచ్చిందని కూడా దాచను. చిట్యాల దాకా అదే ఆలోచన.

మేడం ఎక్కింది. పెద్ద రోజులకని దాచుకున్న పోచంపల్లి చీర కట్టుకుంది. నా పక్కన కూర్చుని నా ముఖం చూసి, "జ్వరమొచ్చిందా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తగిలాక ఇక దాచలేకపోయాను. కాగితం ఆమె ఒళ్లో పెట్టి ఆ వరుస చూపించాను. ఆమె చదివింది, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. బస్సు చౌటుప్పల్ చేరేసరికి కాగితం మడిచి నా చేతికిచ్చింది.

"మేడం, వాపస్ పోదామా?" అన్నాను.

"ఎందుకు వాపస్? మనకు దొరికింది ఏందో మనం చెప్పొద్దా?"

"ఏం దొరికింది మేడం, తప్పు దొరికింది."

"గదే చెప్దం. మూడు నెలలు ఎట్ల వెతికినమో, యాడ మోసపోయినమో. గీ తప్పు మనొక్కలమే చెయ్యం బిడ్డా, మన ఎనక వచ్చెటోల్లు గుడ చేస్తరు. ఫికర్ జెయ్యకు, టికెట్ తీసుకున్నవా లేదా?"

పోటీలో మా వంతు వచ్చినప్పుడు ముందు ఆమే వేదిక ఎక్కింది. ప్రిన్సిపాల్ మొదటి వరుసలో కెమెరా పట్టుకుని కూర్చున్నాడు. ఆమె పటం చూపించి, "ఇందుల మేజర్ లేదు. పటం తప్పు. సరిజూడకుండ సంతకం వెట్టింది నేను" అంది. ఆ పెద్ద గొంతు ఆరోజు ఏమాత్రం తగ్గలేదు. తరువాత నన్ను పిలిచి తప్పెక్కడుందో వివరించమంది. వివరించాను. న్యాయనిర్ణేతల్లో తలపండిన ఒకాయన ముందుకు వంగి, "అంటే మీ మేడం చేసిన తప్పును నువ్వు పట్టుకున్నావన్నమాట. శభాష్!" అన్నాడు. నేను కాదనలేదు. తలూపాను. నోరు తెరిచి, ఆ తప్పు పేరు రాసింది నేనే సార్ అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాల్లో నాకు మందుల కంపెనీ గేటు కనబడింది. మేడం నా వైపు చూసింది. కోపంగా కాదు, ఊరికే చూసింది. సాయంత్రం ఫలితాల్లో మొదటి బహుమతి మాకు రాలేదు. కానీ గురువు తప్పునైనా దాచకుండా చెప్పిన విద్యార్థిని అంటూ శిక్షణ సీటొకటి నాకిచ్చారు.

జూన్‌లో గెస్ట్ లెక్చరర్ల జాబితాలో రూతమ్మ మేడం పేరు లేదు. ఫ్లెక్సీ కట్టించిన మనిషికి జనంలో తల కొట్టేసినట్టయిందట. కారణం అదేనని ఎవరూ పైకి అనలేదు. శిక్షణలో ఉన్న నాకు ఫోన్లో ఈ సంగతి చెప్పిన స్నేహితురాలు, "తప్పు చేసింది ఆమెనే గదనే, ఏం జేస్తం" అంది. అప్పుడైనా నేను కాదనలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఏడవడం తేలిక.

మేడం ఆ తరువాత ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరింది. జీతం తక్కువ, పని ఎక్కువ. అయినా నా ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు ఆదివారం ఆదివారం ప్రార్థన ముగిశాక ఇంటికి రమ్మని పాఠం చెప్పింది. వాళ్లమ్మ మంచం మీద నుంచి, "ముందుగాల పిల్లకు అన్నం పెట్టే" అని అరిచేది. ఇద్దరం కలిసి ఆమెను లేపి కూర్చోబెట్టాక పుస్తకాలు తీసేవాళ్లం. మేడం ఎన్నడూ ఆ వేదిక సంగతి ఎత్తలేదు. కొన్నేళ్లకు ఎవరో మరింత నిశితంగా కొలిచి, మా గుట్టల సంగతి తేల్చారు. పెద్దగుట్ట ఒక మామూలు గెలాక్సీ హైడ్రోజన్, చిన్నగుట్ట దాని పక్కనున్న బుల్లి గెలాక్సీది. ఫోన్ చేసి చెబితే మేడం చిన్నపిల్లలా సంతోషపడి, "మంచిగైంది! దాని అడ్రస్ దానికి దొరికింది" అంది. తనను ముంచిన సంకేతం మీద ఇంత ప్రేమున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమె ముందు నా సిగ్గు ఏటికేడు పెరిగిందే గానీ తరగలేదు.

నాకు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం వచ్చాక మిఠాయి పట్టుకుని చిట్యాల వెళ్లాను. వాళ్లమ్మ అప్పటికే పోయింది. ఆ మంచం ఇంకా అక్కడే ఉంది, దాని మీద ఇప్పుడు ట్యూషన్ పిల్లల నోటుబుక్కులు. మేడం కళ్లద్దాలు మరింత మందమయ్యాయి. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గుమ్మంలోనే మరిచిపోయి, నిలబడే చెప్పేశాను.

"మేడం, ఆ పటం అడుగున పౌనఃపున్యం అని రాసింది నేను. తప్పు నాది. మీరు మీద వేసుకున్నరు. మీ ఉద్యోగం పోయింది నా వల్లనే."

ఆమె మిఠాయి డబ్బా మంచం మీద పెట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "నేను మీదేసుకున్ననా? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"వేదిక మీద తప్పు మీదని అన్నరు గద మేడం."

"సంతకం నాది అన్న. సరిజూడలే అన్న. అది నా తప్పే. నౌకరి పోయింది నా తప్పుకు, నీ తప్పుకు గాదు. ఆడ తప్పులు రెండున్నయ్ సరితా. నాది నేను ఆ దినమే చెప్పిన." నా చెయ్యి పట్టుకుని, ఆ పెద్ద గొంతును ఎన్నడూ లేనంత తగ్గించి అంది: "నీది నీకే ఉంచిన. నువ్వు చెప్పేది నేను చెప్తే ఇంక నీకేముంటది? ఎప్పుడొస్తవా అని సూస్తున్న."

నేను ఇన్నాళ్లూ ఆమె త్యాగం చేసిందనుకుంటూ, ఆమెను దేవతను చేసి, నా పని తేలిక చేసుకున్నాను. ఆమె చేసింది త్యాగం కాదు. తన లెక్క తాను నిజం చెప్పి, నా నిజాన్ని ఎవరికీ ఇవ్వకుండా నా కోసం అట్టిపెట్టింది. అంతకాలం నన్ను నమ్మింది.

ఏటా మూడో ఏడాది పిల్లలకు మేజర్ల పాఠం చెబుతాను. బెంచీల మీద నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తాను. ఆఖరి రోజున ఆ పాత పటం గోడ మీద చూపించి, ఇందులో తప్పు కనిపెట్టమంటాను. ఎవరో ఒక పిల్ల పట్టుకుంటుంది. పట్టుకున్నాక తప్పకుండా అడుగుతుంది, "ఇంత ఎడ్డి తప్పు ఎవరు చేసిండ్రు మేడం?" అని. క్లాసంతా నవ్వుతుంది.

"నేను" అంటాను. ప్రతి ఏడూ ఆ మాట అనే ముందు నాకు మందుల కంపెనీ గేటు కనబడుతుంది. ప్రతి ఏడూ అంటాను.